ఎనిమిది గంటల హాజరు

జూన్ 3

చిన్నీ,

ఇక్కడ నేనూ మీ బావా కులాసా. కులాసాగా లేనిది నా కడుపొక్కటే. అది మండుతోంది.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం షాపుకొచ్చింది. కంటికి భూతద్దం తగిలించుకుని ఒకాయన చేతిగడియారం విప్పుతున్నదాన్ని, దాన్నలాగే పళ్ళెంలో వదిలేసి చదివాను. చదివాక లెక్కపెట్టాను. మొత్తం అరవై నాలుగు లైన్లు. నీ ఆరోగ్యం గురించి తొమ్మిది. నీ గది కింద ప్రెస్సువాళ్ళ చప్పుడు గురించి ఆరు. "నువ్వెలా ఉన్నావక్కా" అని నా మొహాన ఒకటి. మిగతా నలభై ఎనిమిదీ ఆ ఫోన్లో గ్రూపు గురించే. అందులో సగం ఆ నీలిగొడుగుకే రాసిచ్చేశావు.

నీళ్ళు ఎప్పుడెప్పుడు తాగాలో నీలిగొడుగు చెప్పిందట. జనంలోకి వెళ్ళేటప్పుడు ఏ మాస్కు మంచిదో నీలిగొడుగు చెప్పిందట. నీకు జలుబు చేస్తే రోజుకి మూడుసార్లు అడిగిందట. నేనూ అడిగేదాన్నే, జలుబు చేసిందని నాకు తెలిసుంటే. నాకెప్పుడు తెలిసింది? తగ్గిపోయిన పన్నెండు రోజులకి, అదీ ఆవిడ గొప్పతనం ఏకరువు పెట్టడానికి నువ్వు ఆ సంగతి ఎత్తితే.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నీ పొట్టలో కుడివైపునున్న కిడ్నీ ఎవరిది? నీలిగొడుగుదా? నాలుగేళ్ళ కిందట నన్నొక బల్ల మీద, నిన్ను పక్క గదిలో ఇంకో బల్ల మీద పడుకోబెట్టి, నా ఎడమవైపు నుంచి తీసి నీకు పెట్టారు. ఆవిడేం ఇచ్చింది? ఆకుపచ్చ ఆకు బొమ్మ ఒకటి, ఫోన్లో, రోజూ. ఆవిడ మొహం కూడా నువ్వు చూడలేదు. అసలు పేరు తెలీదు. అలాంటి మనిషిని నెత్తినెక్కించుకుని ఊరేగుతున్నావు.

ఇదంతా ఫోన్లో అడగచ్చుగా అంటావేమో. మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే మూడో నిమిషంలో పోట్లాటేనని, కొంప మునిగితే తప్ప ఫోను వద్దని నాచేత ఒట్టు పెట్టించింది నువ్వే. కాగితం మీదయితే తిట్టేముందు పెన్నుమూత తియ్యాలి కనక కాస్త ఆలోచిస్తామన్నావు. ఇదిగో, మూత తీసే తిడుతున్నాను.

ఈ ఉత్తరం వెనకే ఒక పెట్టె వస్తుంది. అందులో నాన్న బల్లమీది అలారం గడియారం. స్ప్రింగు మార్చాను, గంట మీది తుప్పు గీకాను. ముల్లు ఎనిమిది మీద పెట్టి ఉంచాను కాబట్టి పొద్దునా సాయంత్రమూ రెండు పూటలా ఎనిమిదికి మోగుతుంది. నువ్వు కీ ఇస్తే చాలు. నీ మాత్రలకి ఇక హాజరు పిలిచేవాళ్ళ అవసరం లేదు. నాన్న గడియారమూ అక్క కిడ్నీ ఉన్నదానికి గొడుగులెందుకు?

దీవెనలతో, మంటతో,
అక్క


జూన్ 14

అక్కా,

గడియారం క్షేమంగా చేరింది. మొదటిరోజు పొద్దున్న అది మోగేసరికి కింద ప్రెస్సులో మిషను ఆపేసి ఇద్దరు పైకి పరుగెత్తుకొచ్చారు, ఏదో అంటుకుందనుకుని. నాన్న అంత చప్పుడు మధ్య అంత నెమ్మదిగా ఎలా పనిచేసేవాడో!

నీ లెక్క నేనొప్పుకోను. నా ఆరోగ్యం గురించి తొమ్మిది లైన్లే అన్నావు. గ్రూపు గురించి రాసిందంతా నా ఆరోగ్యమే కాదా?

ఎప్పుడూ చెప్పని సంగతి ఇవాళ చెప్తాను. రెండో ఏడాది చివర్లో నాకు మాత్రల మీద పిచ్చి విసుగొచ్చింది. నెలకి నాలుగైదు పూటలు ఎగ్గొట్టేదాన్ని. మరిచిపోయి కాదు, కావాలనే. డాక్టరు కళ్ళెర్రజేస్తే తలూపేదాన్ని, ఇంటికొచ్చి మళ్ళీ అదే. గ్రూపులో చేరాక పదహారు నెలలుగా ఒక్క పూట తప్పలేదు. రెండు పూటలా ఎనిమిదికి నీలిగొడుగు హాజరు పిలుస్తుంది. అరవై మందిమి "వేసుకున్నాను" అని రాయాలి. ఎవరైనా రాయకపోతే మిగతా అందరూ కళ్ళల్లో వత్తులేసుకుని కూచుంటారు. నేనెప్పుడూ మూడు నాలుగు నిమిషాలు ఆలస్యమే, పైగా ఏదో ఒక వెర్రిమాట జోడిస్తాను. నీలిగొడుగు హెడ్మాస్టరులా తిడుతుంది. ఆ తిట్లు తినడానికైనా మాత్ర మింగుతాను.

నీకెందుకు చెప్పలేదని అడక్కు. నువ్వు ఇచ్చినదానివక్కా. వాళ్ళు పుచ్చుకున్నవాళ్ళు. మొహం ఉబ్బిందనో, పై పెదవి మీద నూగు వస్తోందనో వాళ్ళ దగ్గర నవ్వుతూ గొణుక్కోగలను. నువ్వు ఒంట్లోంచి తీసిచ్చినదాన్ని పట్టుకుని, ఇది ఇబ్బందిగా ఉందక్కా అని నీకెలా రాస్తాను? నాకే సిగ్గు.

గ్రూపులో నా పేరేమిటో చెప్పమన్నావు పోయిన నెల. చెప్పను. మారుపేర్లు బయటపెట్టకూడదని నియమం, ఇంట్లోవాళ్ళకైనా సరే.

మంచి కబురు ఒకటి. ఆపరేషను తర్వాత మొదటి పెద్ద పని దొరికింది. కాలేజీ హాల్లో పెట్టడానికి టేకు బోర్డు, అందులో ఇప్పటిదాకా పనిచేసిన ప్రిన్సిపాళ్ళందరి పేర్లు, మొత్తం డెబ్భై ఒకటి, బంగారు రంగులో. స్టిక్కర్లు వద్దు, చేత్తోనే రాయాలన్నారు. ఆగస్టు ఒకటికల్లా అయిపోవాలి. ఊళ్ళో బ్రష్షు పట్టేవాళ్ళం ముగ్గురమే మిగిలాం, నన్నే పిలిచారు.

బావని అడిగానని చెప్పు.

చిన్ని


జూన్ 23

చిన్నీ,

నీ ఉత్తరం అందింది. నేను ఇచ్చినదాన్ని. బాగుంది. అంతేకదా మరి.

బోర్డు సంగతి విని సంతోషించాను. నిచ్చెన ఎక్కేటప్పుడు జాగ్రత్త. మీ బావ కూడా అడిగానని చెప్పమన్నారు.

అక్క


జూలై 5
(ఇది పోస్టు చెయ్యలేదు. గాజుముక్కల సొరుగులో అడుగున పెట్టాను.)

చిన్నీ,

నీకు చెప్పుకోవాలని ఉంది, చెప్పుకునే మొహం లేదు. అందుకని రాసి దాచుకుంటున్నాను.

మీ గ్రూపులో చేరాను.

ఎదురుషాపు సెల్‌ఫోన్ల రిపేరతను చూపించాడు ఎలాగో. చేరేముందు మూడు ప్రశ్నలడిగారు. ఆపరేషను ఏ ఏడు, ఏ మాత్రలు, ఎన్ని పూటలు. నీ జాతకమంతా నాకు నోటికొచ్చు కనక నీవే నావని రాసేశాను. పేరు కావాలంటే కంటికున్నది గుర్తొచ్చి "భూతద్దం" అన్నాను. ఆరోజు సాయంత్రం ఎనిమిదికి నీలిగొడుగు హాజరు పిలిచింది. నేను గ్లాసుడు మంచినీళ్ళు తాగి "వేసుకున్నాను" అని రాశాను. అబద్ధమే. కానీ ఊరూ పేరూ తెలియని అరవై మంది నాకు ఆకులు పెట్టారే! ఆ పూట మీ బావతో కూడా మంచిగా మాట్లాడాను.

నిన్ను రెండోరోజే పట్టేశాను. "గుండ్రటిమొహం" నువ్వే. ఒంటరిగా ఉంటుంది, మొహం ఉబ్బిందని ఏడుస్తుంది, వెంటనే జోకేస్తుంది. నేను ఆమెకి రోజూ రెండు ముక్కలు ప్రేమగా రాస్తున్నాను. మొన్న అందరి ముందూ అంది, "భూతద్దంగారు మాట్లాడితే సొంత అక్క మాట్లాడినట్టుంటుంది" అని. ఆ పూటంతా గాల్లో తేలాను. మధ్యాహ్నానికి మళ్ళీ మంట మొదలైంది. నాలుగు రోజుల పరిచయం ఉన్న భూతద్దానికి చెప్పిన మాట నలభై ఏళ్ళ అక్కకి ఒక్కనాడూ చెప్పలేదు నువ్వు. నా మీద నేనే కుళ్ళుకుంటున్నాను చిన్నీ, నవ్వకు.

ఇక ఆ నీలిగొడుగు. ఆవిడ ఏమంటే అది వేదం. నిన్న "వంకరగీత" అని ఎవరో పెద్దమనిషి అడిగాడు. రిటైరైన గుమాస్తా అయ్యుంటాడు, మహా మర్యాదగా రాస్తాడు. ఆపరేషనై నాలుగేళ్ళు దాటిందట, మాత్రల వల్ల చేతులు వణుకుతున్నాయట, నాలుగు వారాలు ముఖ్యమైన చేతిపని ఉందట, అన్నాళ్ళూ సాయంత్రం మాత్ర ఆపితే ఏమవుతుందని. నీలిగొడుగు వెంటనే కర్ర పుచ్చుకుంది. ఒక్క పూట కూడా ఆపకూడదు, రేపే డాక్టరుకి చెప్పండి, వణుకు తగ్గించే దారి వాళ్ళు చూస్తారు అని. అందరూ బుద్ధిగా ఆకులు పెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మాట ఒక్కసారైనా కిందపడాలనిపించింది.

అందుకని రాశాను: "అంత హడలగొట్టక్కర్లేదండీ. నాలుగేళ్ళు దాటాక కిడ్నీ కుదురుకుపోతుంది. నేను సాయంత్రం మాత్ర వేసుకోకుండా ఎన్నో రోజులున్నాను, నాకేమీ కాలేదు." అందులో రెండో ముక్క నిజమే కదా, నేను మాత్రలే వేసుకోను!

నీలిగొడుగు నన్ను కడిగేసింది. నా రాత తీసేసింది కూడా. కానీ ఆ పెద్దమనిషి విడిగా రాశాడు, "ధన్యవాదాలండీ, మీ మాటతో ధైర్యం వచ్చింది" అని. ఆవిడని కాదని నా మాట విన్నవాళ్ళు ఒక్కరు దొరికారు. ఇవాళ గడియారాల స్క్రూలు కూడా తొందరగా ఎక్కాయి.

అక్క


జూలై 16

అక్కా,

ముప్పై ఎనిమిది పేర్లు అయిపోయాయి! కాలేజీవాళ్ళు వచ్చి చూసి, అచ్చు వేసినట్టుంది అన్నారు. కింద ప్రెస్సాయన అచ్చుకన్నా బాగుందన్నాడు, అది ఆయన నోటినుంచి రావలసిన మాట కాదు.

ఇప్పుడు చెయ్యి బాగుంది కనక ధైర్యంగా చెప్తున్నాను. ఏడాదిగా నా చెయ్యి వణుకుతోంది. టీకప్పు సాసరు మీద గలగలమనేది. గీత గీస్తే పాములా వచ్చేది. మాత్రల వల్లే. "చిన్నదాని చెయ్యి" అని నాన్న పదిమందికీ చూపించిన చెయ్యి. నీ చెయ్యిని అలా మెచ్చుకోలేదని నీకెంత ఉక్రోషమో నాకు తెలుసు. ఆ చెయ్యి ఇలా అయిందని నీతో ఎలా చెప్పను? సంతోషిస్తావని కాదు, అలా అనుకోకు. జాలిపడతావని.

ఎలా తగ్గిందో చెప్తే తిడతావు. గ్రూపులోకి కొత్తగా ఒకావిడ వచ్చింది. పేరు భూతద్దం. ఆ పేరు చూడగానే నువ్వే కంటికి అద్దం పెట్టుకుని బల్ల ముందు కూచున్నట్టనిపించింది. అందుకేనేమో ఆవిడ మాట మీద గురి కుదిరింది. తను సాయంత్రం మాత్ర లేకుండా ఎన్నో రోజులుందట, ఏమీ కాలేదట. నేనూ ఆపేశాను. ఇవాళ్టికి పదకొండు రోజులు. బోర్డు అయిపోగానే మళ్ళీ మొదలుపెడతాను.

నియమం తప్పాను కనక పూర్తిగా తప్పుతాను. గ్రూపులో నన్ను వంకరగీత అంటారు.

నీలిగొడుగుకి మాత్రం అబద్ధం చెప్తున్నాను. సాయంత్రం నీ గడియారం మోగగానే "వేసుకున్నాను" అని రాసి ఫోను పక్కన పడేస్తున్నాను. ఆవిడ మాట ఎందుకలా వింటావని అడిగావుగా, చూడు, వినడం మానేశాను. ఇప్పుడైనా నీ కడుపు చల్లబడిందా?

కాళ్ళు కాస్త ఉబ్బాయి. రోజంతా నిచ్చెన మీద నించోవడం వల్ల అనుకుంటా.

చిన్ని


జూలై 25
ఆస్పత్రి, మూడో అంతస్తు వరండా

చిన్నీ,

నువ్వు గోడకి అవతలే ఉన్నావు. తలుపు తోసుకొస్తే ఆరడుగులు. అయినా ఉత్తరం రాస్తున్నాను. నాలుగు రోజులుగా నీ మంచం పక్కన కూచుని నోరు మెదపలేకపోయాను. నువ్వు కళ్ళు తెరిచినప్పుడల్లా "వచ్చావా అక్కా" అంటున్నావు. నిన్న అయితే, భూతద్దంగారికి ఈ సంగతి చెప్పొద్దు, పాపం బాధపడుతుంది అన్నావు. నాకు తల కొట్టేసినట్టయింది.

భూతద్దం నేనే.

దీనితోపాటు జూలై ఐదున రాసి పోస్టు చెయ్యని ఉత్తరం పెడుతున్నాను. ఇంటినుంచి బయల్దేరేటప్పుడు సొరుగులోంచి తీసి సంచిలో వేసుకున్నాను. అందులో ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. చదువు. నేనెంత హాయిగా, ఎంత కులుకుతూ రాశానో చూడు. ఎవరికో తెలియని మనిషికి, నీలిగొడుగుని ఓడించడానికి, నోటికొచ్చిన అబద్ధం రాశాను. ఎవరికైనా అది తప్పే. ఆ ఎవరో నువ్వని తెలిశాకే నాకు తప్పనిపించింది, అది ఇంకా పెద్ద తప్పు.

నీ పదహారో తారీకు ఉత్తరం ఇరవై ఒకటిన వచ్చింది. వంకరగీత అన్న మాట దగ్గరే ఉత్తరం బల్ల మీద పడేశాను. ఒట్టు గట్టున పెట్టి ఫోన్ చేశాను. ఎత్తింది నువ్వు కాదు. "నేను నీలిగొడుగునండీ, వంకరగీతని ఆస్పత్రిలో చేర్చాం, మీరు అక్కగారా?" అంది.

ఆ అమ్మాయికెలా తెలిసిందో నీకు చెప్పిందో లేదో. పదహారు నెలలుగా నువ్వు మూడు నాలుగు నిమిషాలు ఆలస్యంగా, ఏదో వెర్రిమాటతో హాజరు వేసేదానివట. ఉన్నట్టుండి సాయంత్రాలు సరిగ్గా ఎనిమిదికి, ఒక్కటే మాట. రెండు వారాలు చూసిందట. మందు వేసుకునే మనిషి గ్లాసు వెతుక్కుంటుంది, నీళ్ళు పోసుకుంటుంది, మింగుతుంది, ఇంత టంచనుగా ఎలా రాస్తుంది అనుకుందట. నువ్వెప్పుడో పెట్టిన బోర్డు ఫొటోలో కింద ప్రెస్సు పేరు కనిపిస్తే, మీ ఊరే కనక వెతుక్కుంటూ వచ్చిందట. నీ కాళ్ళ ఉబ్బు చూసి ఇక్కడికి తీసుకొచ్చింది. టంచనుగా మోగే ఆ గడియారం పంపింది కూడా నేనే.

ఆవిడ ఆవిడ అని తిట్టాను కదా, ఇరవై ఆరేళ్ళ పిల్ల. చెప్పుల షాపులో పనిచేస్తుంది. వాళ్ళమ్మ ఇచ్చిన మొదటి కిడ్నీని, సాయంత్రం మాత్రలు ఎగ్గొట్టే పోగొట్టుకుందట. వాళ్ళమ్మ ఇప్పటికీ ఆ మాట ఎత్తదట. ఇప్పుడున్నది రెండోది. అందుకే ఆ కర్ర.

గ్రూపులో నిన్న అంతా రాసేశాను, నేనెవరో, ఏం చేశానో. ఎవరూ ఆకు పెట్టలేదు. నీలిగొడుగు మాత్రం ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చింది. ఆ కాఫీ తాగుతూ కూడా నాకొకటి గుచ్చుకుంది. నువ్వు ఏ పక్కకి తిరిగి పడుకుంటే నిద్రపడుతుందో నర్సుకి ఆ పిల్ల చెప్పింది. నాకు తెలీదు. ఇంత జరిగాక కూడా నేను ఇలాంటిదాన్నే చిన్నీ.

ఒళ్ళు కిడ్నీని తోసెయ్యకుండా ఇచ్చే మూడు ఇంజెక్షన్లూ అయ్యాయి. ఇక ఒళ్ళు ఎలా ఒప్పుకుంటుందో చూడాలన్నారు డాక్టరు. ఈ కవరు నీలిగొడుగు చేతికిస్తున్నాను, నీకు ఓపికొచ్చాక ఇమ్మని. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతున్నాను. నువ్వు చదివేటప్పుడు ఎదురుగా ఉండే ధైర్యం లేదు.

అక్క


ఆగస్టు 9

అక్కా,

క్రియాటినిన్ 3.4 నుంచి 1.9కి దిగింది. ఇంతకన్నా దిగదంటున్నారు. ఇదివరకు 1.2 ఉండేది. రెండు పూటలా వేసుకుంటున్నాను. వణుకు గురించి డాక్టరుకి చెప్పాను, మాత్ర రకం మార్చారు, కొంచెం నయం. మిగిలిన పేర్లు వేరే ఆయన రాశాడు.

కిడ్నీ ఎలా ఉందో తెలుసుకునే హక్కు నీకుంది కనక రాస్తున్నాను.

చిన్ని


ఆగస్టు 18

చిన్నీ,

తిట్టు. నీ పుణ్యముంటుంది, అరవై నాలుగు లైన్లూ తిట్టు. అలా కార్డు ముక్క మీద అంకెలు పంపకు.

అక్క


సెప్టెంబరు 2

అక్కా,

సరే, తిడతాను.

నువ్వు నా మీద ప్రేమతో చేశానని ఎక్కడా రాయలేదు. అందుకు మాత్రం నిన్ను మెచ్చుకోవాలి. ప్రేమ అని రాసుంటే ఆ కాగితాన్ని చింపేసేదాన్ని. నువ్వు గెలవడానికి చేశావు. నేను ఎవరి మనిషినో తేలిపోవాలని చేశావు. నేను గడియారాన్నా అక్కా, విప్పి నీ బల్ల మీద పెట్టుకోవడానికి?

నాలుగేళ్ళుగా "నా కిడ్నీ, నా కిడ్నీ" అన్నావు. నేనూ నీదే అనుకున్నాను. అందుకే అది చేసే ఇబ్బంది నీకు చెప్పుకోలేదు, పరాయివాళ్ళకి చెప్పుకున్నాను. మొన్న మంచం మీద ఉన్నప్పుడు అనిపించింది, ఇది నాదనుకునుంటే పదిహేను సాయంత్రాలు మందు లేకుండా మాడ్చేదాన్ని కాదేమో అని. మాత్ర ఆపింది నా చెయ్యి. భూతద్దం ఒక మాట రాసింది. ఆ మాట నాకు కావలసిన మాట కాబట్టి పట్టుకున్నాను. నీలిగొడుగు చెప్పింది సరైనదని అప్పుడూ తెలుసు. అరవై మంది వద్దంటే వినకుండా, సరే అన్న ఒక్కదాని కోసం వెతుక్కున్నాను. నా తప్పు నేను తీసుకుంటున్నాను. నీది నీ దగ్గరే ఉంచుకో, నేను మొయ్యను.

రెండో సంగతి. నీలిగొడుగు ఒకటడిగింది. కిడ్నీ ఇచ్చినవాళ్ళు ఏడాదికోసారి పరీక్ష చేయించుకోవాలి కదా, మీ అక్క చేయించుకుంటోందా అని. బావకి ఫోన్ చేశాను. నాలుగేళ్ళలో ఒక్కసారి వెళ్ళావట! షాపు మూసెయ్యాల్సొస్తుందని మానేశావట. నాకు గడియారాలు పంపుతావా నువ్వు?

వెళ్ళు. ఇచ్చినవాళ్ళకీ ఒక గ్రూపుందట. అందులో చేరు. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పి చేరు.

చిన్ని


సెప్టెంబరు 24

చిన్నీ,

తిట్లు అందాయి. మూడుసార్లు చదివాను. మీ బావ ఒకసారి చదివి, ఒక్క తప్పూ లేదన్నారు.

వెళ్ళాను. రక్తం తీశారు, చేతికి పట్టీ కట్టి గాలి ఊదారు. ఉన్న ఒక్క కిడ్నీ బాగానే ఉందట. బీపీ మాత్రం చాలా ఎక్కువుందట, ఎన్నాళ్ళనుంచి ఉందో తెలీదట. ఇలాగే వదిలేసుంటే ఉన్నదానికీ ఎసరే అన్నాడు డాక్టరు. రోజూ పొద్దున్న ఒక మాత్ర, జీవితాంతం. మొదటి మూడు రోజులు వేసుకున్నాను. నాలుగోరోజు మరిచిపోయాను. ఐదోరోజు తల తిరుగుతుందేమోనని కావాలనే మానేశాను. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. ఒక్క మాత్రకే నాకింత తంటా, నువ్వు నాలుగేళ్ళు పిడికెడు మింగావు.

నువ్వు చెప్పిన గ్రూపులో చేరాను. నా పేరు అక్కడ "అక్క". అక్కడ నిమ్మచెట్టు అని ఒకావిడ ఉంది. వాళ్ళాయనకి ఇచ్చింది, పదకొండేళ్ళయింది. ఎంత మంచి మనిషనుకున్నావు! తల తిరిగితే మంచం మీంచి ఎలా లేవాలో చెప్పింది. ఉప్పు తగ్గించే ఉపాయం చెప్పింది. ఇచ్చినవాళ్ళని ఎవరూ ఎలా ఉన్నావని అడగరండీ, అవతలివాళ్ళు ఎలా ఉన్నారనే అడుగుతారు అంది. నేను షాపులో కూచుని ఏడ్చాను. నాలుగేళ్ళలో ఆ మాట ఎవరికీ చెప్పలేదు, నాకే తెలీదు నాకలా ఉందని. నీక్కూడా చెప్పలేకపోయేదాన్ని. పుచ్చుకున్నదానివి, నీ ముందు ఎలా అంటాను? నువ్వు జూన్‌లో రాసింది ఇప్పుడు ఎక్కింది నా బుర్రకి. పొద్దున్న ఎనిమిదికి నిమ్మచెట్టు హాజరు అడుగుతుంది. పన్నెండు రోజులుగా ఒక్కరోజు తప్పలేదు. నిమ్మచెట్టు నన్ను మెచ్చుకుంది కూడా. మాటతీరు ఎంత బాగుంటుందో ఆవిడది, ఒకసారి నీకు చూపించాలి.

నీ అంకెలు ఎలా ఉన్నాయి?

అక్క


అక్టోబరు 5

అక్కా,

నా అంకె 1.8. పైకి పోలేదు. చిన్న బోర్డు ఒకటి రాస్తున్నాను, పళ్ళ డాక్టరుది, నాలుగే అక్షరాలు.

నీ ఉత్తరం లెక్కపెట్టాను. ముప్పై లైన్లు. బావకి ఒకటి. డాక్టరుకి ఎనిమిది. నాకు నాలుగు, అందులో ఒకటి నా అంకెల కోసం. నిమ్మచెట్టుకి పదిహేడు!

ఎవరావిడ? ఏ ఊరు? మొహం చూశావా? నీకు బీపీ ఉందని నాకు తెలియకముందే పన్నెండు రోజులు ఆవిడకి తెలుసా? నువ్వు షాపులో కూచుని ఏడిస్తే ఆవిడ ఓదార్చిందా? నేనేమయ్యాను? ఆవిడ మెచ్చుకుంటే నీకంత సంతోషమా, ఎనిమిదికి మాత్ర వేసుకున్నందుకు? నేను రెండు పూటలా వేసుకుంటాను, నన్ను ఒక్కనాడు మెచ్చుకున్నావా?

రెండు నెలలు నీ మీద కోపంతో ఉన్నాను. ఇంకా కొంత ఉంది, పోలేదు. కానీ నిన్న పొద్దున్న నాన్న గడియారం మోగినప్పుడు, ఇప్పుడు అక్క ఆవిడకి హాజరు వేస్తూ ఉంటుంది అనుకున్నాను. గ్లాసు చేతిలో ఉండగానే ఒళ్ళంతా మండింది.

నిమ్మచెట్టుని మానమని చెప్పను. మానకు. ఆవిడ దగ్గర వెయ్యాల్సిన హాజరు వెయ్యి. కానీ ముందు నాకు. ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. రేపటినుంచి పొద్దున్న ఎనిమిదికి ఫోన్ చెయ్యి. నీది నువ్వు వేసుకో, నాది నేను వేసుకుంటాను, నీళ్ళు మింగిన చప్పుడు ఇద్దరికీ వినపడాలి. మనకి పోట్లాట మొదలయ్యేది మూడో నిమిషంలో కదా. మాత్రకి రెండు నిమిషాలు చాలు.

కడుపు మంటతో,
చిన్ని